హీఫర్‌కు జత పదం ఏది?

నిజాంసాగర్ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో ముగిసింది. మంజీర నీళ్లు కాలువలకు ఎక్కాక దిగువన వరి విస్తరించింది. వరిగడ్డి ఉన్నచోట బర్రె నిలుస్తుంది. కామారెడ్డి జిల్లా మహమ్మద్‌నగర్ చుట్టుపక్కల పంటతో పాటు పాడి కూడా బతుకుదెరువే. ఆ ఇళ్ల పిల్లలు చదివే సర్కారు బడుల్లో 2022–23 విద్యా సంవత్సరం నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం వచ్చింది. ఇంటి దగ్గర బర్రె, పడ్డ, దుడ్డె అనే పిల్లలు బడిలో ‘బుల్–కౌ, ర్యామ్–యూ, ఫాక్స్–విక్సెన్’ అని జతలు కట్టి వల్లె వేస్తున్నారు.

ఆడ జంతువులకు ఇంగ్లీష్‌లో ఉన్న ఈ ప్రత్యేకమైన పేర్లు మన పిల్లలకు కావాలా, అక్కర్లేదా? ఇక్కడ వాదించుకునే ఇద్దరూ మేనమామ, మేనకోడలు. ఆయన పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైన డాక్టర్. ఆమె ఇంగ్లీష్ టీచర్. ఈ పాఠమే తీసేయాలని ఆమె అంటుంది. తీసేస్తే రైతు బిడ్డలకే నష్టమని ఆయన అంటాడు.

మేనకోడలు: మామా, ఈ జాబితా ఒక్కసారి చదువు. హార్స్–మేర్, డాగ్–బిచ్, గాండర్–గూస్, డ్రేక్–డక్, స్టాగ్–హైండ్. మన పిల్లలు హైండ్ అనే ఆ దేశపు ఆడ జింకను ఎన్నడు చూస్తరు? చూడని జంతువుకు మగపేరు, ఆడపేరు రెండూ నోటికి రావాల్నట. ఈ గంటల నాలుగు వాక్యాలు సొంతంగ మాట్లాడటం నేర్పితే రేపు వాళ్లకు పనికొస్తది. ఈ పాఠం ఉండొద్దు.

మేనమామ: హైండ్‌ను పక్కన పెట్టు బిడ్డా. కౌ, హీఫర్, యూ, డో, హెన్, పుల్లెట్ సంగతేంది? ఇవి మన దొడ్ల ఉన్న జీవాలే కదా. నేను నౌకరీ చేసినన్ని రోజులు దవాఖాన రిజిస్టర్ల రాసిన మాటలివి. పశువు మీద లోన్ తీసుకున్నా, ఇన్సూరెన్స్ చేసినా అది పాలిస్తున్నదా, చూడిదా, వట్టిపోయిందా అని రాస్తరు. ఆ కాగితం ఇంగ్లీష్‌ల ఉంటది. ఏం రాసిండ్రో తెల్వకుండ సంతకం పెట్టిన రైతు రేపు బర్రె చనిపోతే ఎవరిని అడుగుతడు? వాళ్లింట్ల చదువుకున్న పిల్లనే కదా.

మేనకోడలు: కాగితం తెలుగుల ఉండాలె అని కొట్లాడుదాం. దాని కోసం పదేండ్ల పిల్ల విక్సెన్ ఎందుకు నేర్వాలె?

మేనమామ: కొట్లాట జరిగేదాక కాగితం ఆగదు. సరే, జాబితా ఇటియ్యి. ఇదేంది, ‘బుల్లక్–హీఫర్’ అని ఎదురెదురుగ రాసిండ్రు?

మేనకోడలు: గ్రామర్ పుస్తకాలల్ల అట్లనే వస్తున్నది. మేం చదువుకున్నప్పుడు కూడ అదే ఉండె. ‘ఆపోజిట్ జెండర్’ అని అడిగితే బుల్లక్‌కు హీఫర్, ఆక్స్‌కు కౌ.

మేనమామ: ఈ తప్పు ఎవరూ ఎందుకు పట్టుకోలేదో చెప్త. పుస్తకం రాసినోళ్లకు పశువు కనపడలే, లింగం ఒక్కటే కనపడ్డది. బుల్లక్ అంటే విత్తులు కొట్టిన ఎద్దు. హీఫర్ అంటే ఇంక ఈనని ఆడ పశువు, ఆవుల్ల మన పెయ్య, బర్రెల్ల పడ్డ. ఎద్దుకు పెయ్య జత ఎట్లయితది? ఎద్దు అన్న మాట పని సంగతి చెప్తది, పెయ్య అన్న మాట వయసు, ఈత సంగతి చెప్తది. తేనెటీగలకు కూడ ‘డ్రోన్–బీ’ అని రాసిండ్రు చూడు. డ్రోన్ మగదే. కాని పూలమీద వాలి తేనె తెచ్చే కూలి ఈగలన్నీ ఆడవే, రాణి కూడ ఆడదే. ‘బీ’ అంటే మొత్తం జాతి పేరు.

మేనకోడలు: అంటే జాబితా తప్పని నువ్వే ఒప్పుకున్నవు.

మేనమామ: జాబితా తప్పు. మాటలు తప్పు కాదు. ఇంగ్లీషోడు పశువుకు ఇన్ని పేర్లు పెట్టింది లింగం చెప్పేటందుకు ఒక్కదానికే కాదు. ఆవు ఈనకముందు హీఫర్, ఈనినంక కౌ. పంది ఈనకముందు గిల్ట్, ఈనినంక సౌ. కోడిపెట్ట గుడ్లకు రాకముందు పుల్లెట్, వచ్చినంక హెన్. గుర్రం పిల్లగ ఉన్నప్పుడు ఫిల్లీ, పెద్దగయినంక మేర్. మగవాటికి చూడు. విత్తనానికి ఉంచితే బుల్, ర్యామ్, స్టాలియన్. కొట్టేస్తే స్టీర్, వెదర్, గెల్డింగ్. ఆడదానికి ఈత దగ్గర పేరు మారుతది, మగదానికి కత్తి దగ్గర పేరు మారుతది. మన దగ్గర కూడ ఇట్లనే ఉన్నది. దుడ్డె, పడ్డ, బర్రె ఒక వరుస. లేగ, పెయ్య, ఆవు ఇంకో వరుస. మగవాటికి కోడె, ఎద్దు, ఆంబోతు. మన ఇంట్ల పుట్టిన పిల్ల ఈ వరుసలు నడక వచ్చినప్పటి సంది వింటది. దాని మీద ఇంగ్లీష్ పెడితే ఒక్క పూటల పట్టుకుంటది.

మేనకోడలు: ఈ వరుసలనే నేను అడ్డుకుంటున్న. ఆడదానికి ఈత దగ్గర పేరు మారుతది అన్నవు కదా. ఎందుకు మారాలె? కొనేటోడికి అది కావాలె కాబట్టి. అంగట్ల బర్రె మూతి పట్టుకొని పండ్లు చూస్తరు, పొదుగు పిసుకుతరు, ఎన్నో ఈత అని అడుగుతరు. ఆ మూడింటి తర్వాతనే ధర. పడ్డ, తొలిసూరు, చూడి, పాడి, వట్టిపోయింది, గొడ్డు. ఈ మాటలన్నీ ఒక శరీరం ఎంత ఇస్తదో లెక్కగట్టే మాటలు. ఇంగ్లీష్‌ల కూడ అదే లెక్క. భాష నేర్పుతున్నం అనుకుంట మనం పిల్లలకు ఆడ శరీరానికి ధర కట్టడం నేర్పుతున్నం.

మేనమామ: ధర కట్టింది నిజం. కాని ధర ఉన్నది కాబట్టే ఆడదాని పేరు జాతి మొత్తానికి పేరయింది. బర్రె అంటే ఆడది, కాని ‘బర్రెలు మేపుతున్నడు’ అంటే మంద మొత్తం వస్తది. మగది చెప్పాలంటే ప్రత్యేకంగ దున్నపోతు అనాలె. మేక అంటే మంద, మగది మేకపోతు. కోడి అంటే జాతి, మగది కోడిపుంజు. ఇంగ్లీష్‌ల కూడ గూస్, డక్ ఆడ పేర్లే, కాని గుంపు మొత్తానికి అవే వాడుతరు. వాడుకల ఆవు జాతి పశువు ఆడదైనా మగదైనా కౌ అంటరు. మనుషుల సంగతి వచ్చినప్పుడు మగ పేరు కింద ఆడోళ్లను కలిపేసే భాషలు, మంద దగ్గరికి వచ్చేసరికి ఆడ పేరు కింద మగవాటిని కలిపినయి.

మేనకోడలు: అది గౌరవమా మామా? కుక్కను కాపలాకు పెట్టుకుంటరు, ఇంగ్లీష్‌ల డాగ్ అంటే మగదాని పేరు, జాతి పేరు కూడ. ఆవును పాలకు పెట్టుకుంటరు కాబట్టి ఆడపేరు జాతి పేరయింది. ఎవరి పని అక్కరకొస్తే వాళ్ల పేరు పైకొచ్చింది. 2019 పశుగణన చూడు. దేశంల ఆవు జాతి పశువులు 19 కోట్ల 25 లక్షలు ఉంటే, దాంట్ల ఆడవి 14 కోట్ల 51 లక్షలు. పుట్టుకల ఆడ, మగ సగం సగమే కదా. మిగతా కోడెలు ఎటుపోయినయి? ట్రాక్టర్ వచ్చినంక ఎద్దుకు పని లేకపాయె. ఇప్పుడు పెయ్యలే పుట్టేటట్టు వీర్యం వేరు చేసి ఇస్తున్నరు. ఈ లెక్క చదివితే ఆడదాని పేరు మీద గౌరవం కనపడదు, గిరాకీ కనపడ్తది.

మేనమామ: ఆ వీర్యం సంగతి సరిగ చెప్పు. ఆడ దూడకు దారితీసే కణంల మగ కణం కంటే డీఎన్ఏ ఇంచుమించు నాలుగు శాతం ఎక్కువుంటది. ఆ తేడా పట్టి మిషన్ల వేరు చేస్తరు. నూటికి తొంభై దాక పెయ్యలే పుడ్తయి. పుట్టిన కోడెను సాకలేక రోడ్డు మీద వదిలేసే కంటే పెయ్యనే పుట్టించుకోవడం రైతుకు మేలు, పశువుకు కూడ మేలే. గిరాకీని నేను దాచిపెడ్త లేను. కాని ఒక్క సంగతి విను. 2017 జూన్‌ల మన రాష్ట్రంల గొర్రెల పంపిణీ మొదలైంది. ఒక్కో యూనిట్ల 20 గొర్రెలు, ఒక పొట్టేలు. అప్పుడు లక్షా 25 వేల రూపాయల యూనిట్, దాంట్ల 75 శాతం సబ్సిడీ ఉండె. మన కురుమోళ్లకు, గొల్లోళ్లకు ‘ఇరవై గొర్రెలు’ అంటే చాలు, ఆడవని అర్థమయితది. ఇంగ్లీష్‌ల ‘ట్వెంటీ షీప్’ అంటే ఆడవా, మగవా తెల్వదు. ‘యూ’ అని రాస్తేనే మాట పక్కా అయితది. ఒక్క చిన్న మాట తెలిసిన పిల్ల తన తండ్రికి రావాల్సిన మందను కాగితం మీద కాపాడగల్గుతది. 2019 లెక్కల దేశం మొత్తంల గొర్రెలు ఎక్కువున్నది మన తెలంగాణలనే, కోటీ 90 లక్షలు. ఇసొంటి రాష్ట్రంల పిల్లలకు ‘యూ’ అన్న మాట వద్దంటవా?

మేనకోడలు: ‘యూ’ దగ్గర నేను పట్టు వదుల్త. దాన్ని మందల నిలబెట్టి నేర్పుతే అర్థముంది. కాని నువ్వు దాటేసిన పెద్ద సంగతి ఇంకోటున్నది. ఈ పేర్లు దొడ్ల ఆగుతలేవు, ఆడోళ్ల మీదికి వస్తున్నయి. ఇంగ్లీష్‌ల ఆడ నక్క విక్సెన్ అయితే, నోరున్న ఆడమనిషి కూడ విక్సెన్. షేక్‌స్పియర్ నాటకంల ఒక స్నేహితురాలు ఇంకో స్నేహితురాలిని ఆ మాట అంటది. ఆడకుక్క పేరు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785ల అచ్చేసిన మోటుమాటల నిఘంటువుల, ఇంగ్లీష్ ఆడదాన్ని అవమానించేటందుకు ఇంతకు మించిన మాట లేదని రాసిండు. కౌ, సౌ, ఓల్డ్ హెన్ అన్నీ తిట్లే. మగవాటి పేర్లు చూడు. స్టాలియన్ అంటే మెచ్చుకోలు, స్టడ్ అంటే మెచ్చుకోలు. విత్తనపు గుర్రం పేరు మొగోడికి పతకం అయింది. ఈన్న పంది పేరు ఆడదానికి తిట్టయింది. ఇది నేను పిల్లలకు ఏ ముఖం పెట్టుకొని నేర్పాలె?

మేనమామ: కుక్కల ప్రదర్శనలల్ల ఇప్పటికి కూడ ఆడకుక్కను ఆ పేరుతోనే పిలుస్తరు. ‘విన్నర్స్ బిచ్’ అని బహుమానం ఇస్తరు. అక్కడ ఎవరూ తల దించుకోరు. మాట తన జీవి దగ్గర ఉన్నప్పుడు శుభ్రంగనే ఉన్నది. విక్సెన్ పుట్టుక కూడ శుభ్రమైందే. పాత ఇంగ్లీష్‌ల నక్కకు ‘ఫాక్స్’ అంటే, ఆడనక్కకు ‘ఫ’తోనే మొదలయ్యే మాట ఉండె. ఇంగ్లండ్ దక్షిణ పల్లెటూర్ల ‘ఫ’ను ‘వ’ అని పలికేటోళ్లు. ఆ పల్లెటూరి పలుకు నిలిచి, నగరం పలుకు పోయింది. పొలం పనిచేసేటోళ్ల నోటి గుర్తు ఆ మాటల ఇంకా ఉన్నది. తిట్టినోళ్ల పాపానికి ఆ మాటను ఎందుకు శిక్షిస్తవు?

మేనకోడలు: మాటను శిక్షిస్త లేను మామా, దెబ్బ తగిలేటోళ్లను కాపాడుతున్న. 2019ల మరియా బియాట్రిస్ జియోవనార్డి అనే ఆమె ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల మీద పిటిషన్ మొదలుపెట్టింది. ‘ఉమన్’ అన్న మాటకు సమానార్థకాల కింద ఈ ఆడకుక్క పేరు, ‘బర్డ్’ లాంటి మాటలు పెట్టిండ్రని. 30 వేల మందికి పైగ సంతకాలు చేసిండ్రు. 2020ల ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఆ పేజీ సవరించిండ్రు. నిఘంటువే మారినప్పుడు బడి మారొద్దా?

మేనమామ: ఏం సవరించిండ్రో చెప్పు. మాటను తీసి పారేసిండ్రా?

మేనకోడలు: అన్నిటినీ తియ్యలే. కించపరిచే మాట అని గుర్తు పెట్టిండ్రు, వాక్యాలు మార్చిండ్రు.

మేనమామ: నేను చెప్పేది కూడ అదే. మాట ఉండాలె, దాని పక్కన హెచ్చరిక ఉండాలె. హెచ్చరిక లేకుండ నేర్పితే నీ తప్పు. మాటే దాచిపెడితే పిల్లలు ఫోన్ల వింటరు, వాళ్లకు హెచ్చరిక చెప్పేటోళ్లు ఉండరు. ఇంకొకటి, మన దగ్గర తిట్లు ఇంగ్లీష్ లెక్క లేవు. పనిచెయ్యని మొగోడిని దున్నపోతు అంటం. ఊరిమీద తిరిగేటోడిని ఆంబోతు అంటం. తలూపేటోడిని గంగిరెద్దు అంటం. ధైర్యమున్న ఆడబిడ్డను ఆడపులి అంటం, సివంగి అంటం. మన పశువుల భాష ఆడోళ్లకు అన్యాయం చెయ్యలే.

మేనకోడలు: గొడ్రాలు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది మామా?

మేనమామ: ...

మేనకోడలు: గొడ్డుబర్రె అన్న మాటలోని ‘గొడ్డు’కే ‘ఆలు’ తగిలించి ఆడమనిషి మీద పెట్టిండ్రు. దున్నపోతు అన్న తిట్టు పొద్దున తగిలితే సాయంత్రానికి పోతది, పని చేస్తే పోతది. గొడ్రాలు అన్న మాట బతుకంత ఉంటది. పేరంటానికి పిలవరు, పసిబిడ్డను చేతికియ్యరు. పిల్లలు లేని మొగోడికి అసొంటి మాట ఒక్కటన్న ఉన్నదా? ఎద్దుకు కొట్టిన దెబ్బ గురించి అన్ని మాటలున్నయి, మొగోడి లోపం గురించి నోరు లేదు. నువ్వు మన భాష చల్లనిది అంటున్నవు. ఇంగ్లీష్‌ల విక్సెన్ కంటే మన గొడ్రాలు వెయ్యిరెట్లు కోత కోస్తది.

మేనమామ: ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు బిడ్డా. ఒక డాక్టర్‌గ మాత్రం చెప్త. అసలు బర్రె విషయంలనే ఆ మాట ఎక్కువసార్లు అబద్ధం. ఎండకాలంల బర్రెకు ఎద బయటికి కనపడదు, మూగ ఎద అంటం. రాత్రిపూట, తెల్లారుజామున చూస్తే తప్ప పట్టుకోలేం. చూడనోడు ‘ఎదకు వస్తలేదు, గొడ్డు’ అని కోతకు అమ్ముతడు. కొన్ని ఖనిజ లవణాలు తక్కువై కట్టవు. కొన్నిటికి గర్భసంచిల రోగం ఉంటది, మందు వేస్తే పోతది. కొన్నిసార్లు సూది వేసిన టైము తప్పు, కొన్నిసార్లు విత్తనపు దున్నది లోపం. తప్పు ఎవరిదైనా పేరు మాత్రం బర్రెకే వస్తది.

మేనకోడలు: నిజంగ గొడ్డు అయినయి ఉండవా?

మేనమామ: ఉంటయి. ఆవుల్ల అసొంటి ఒక రకానికి ఇంగ్లీష్‌ల ఒక మాట కూడ ఉన్నది, ఫ్రీమార్టిన్. ఆవు కవలలను వేసి, ఒకటి కోడె, ఒకటి పెయ్య అయితే, అసొంటి పెయ్యల్ల నూటికి తొంభైకి పైగ కట్టవు. కడుపుల రెండింటి మాయలు కలిసి నెత్తురు ఇటునుంచి అటు పారుతది. కోడె నెత్తుర్ల ఉన్న హార్మోన్లు పెయ్య గర్భసంచిని పెరగనియ్యవు. జాన్ హంటర్ అనే సర్జన్ 1779లనే దీని మీద రాసిండు. ఆ ఒక్క మాట తెలిసిన రైతు అసొంటి పెయ్య పుట్టగానే పరీక్ష చేయిస్తడు. ఏండ్ల తరబడి సాది, చివరికి దాన్ని తిట్టుకుంట కొట్టడు. చూడు, గొడ్డు అన్న మాట నింద వేస్తది, ఫ్రీమార్టిన్ అన్న మాట కారణం చెప్తది. అందుకే మాటలు ఎక్కువ ఉండాలె అంటున్న.

మేనకోడలు: ఇది నాకు నచ్చింది. కాని మన వ్యాకరణం సంగతి కూడ తేల్చుదాం. ‘రాజు వచ్చిండు, రాణి వచ్చింది, బర్రె వచ్చింది.’ రాణికి, బర్రెకు ఒకటే క్రియ. ఇంగ్లీష్‌ల ఆడమనిషికి ‘షీ’ ఉన్నది, వస్తువుకు ‘ఇట్’ ఉన్నది. ఆవును ప్రేమగ చూసే రైతు దాన్ని కూడ షీ అంటడు. అక్కడ ఆవు మనిషి దిక్కు జరిగింది. ఇక్కడ ఆడమనిషిని పశువు దిక్కు జరిపిండ్రు. పిల్లలు అడుగుతరు, నేను ఏం చెప్పాలె?

మేనమామ: ఉన్నది ఉన్నట్టు చెప్పు. చిన్నయసూరి 1858ల బాలవ్యాకరణం రాసినప్పుడు కొత్తగ పెట్టింది కాదది, అప్పటికే నోళ్లల్ల ఉన్నదానికి సూత్రం కట్టిండు. మగవాళ్లు మహత్తులు. పశుపక్ష్యాదులు, ప్రాణం లేనివి అమహత్తులు. ఆడవాళ్ల మాటలు ఏకవచనంల అమహత్తు దిక్కు, బహువచనంల మహత్తు దిక్కు నడుస్తయి. ‘ఆడోళ్లు వచ్చిండ్రు’ అంటం కదా. తమిళంల, కన్నడంల ఆడదానికి వేరే రూపం ఉన్నది. మనకు లేదు, గోండికి కూడ లేదు. ఇది వేల ఏండ్ల కింద పడ్డ అచ్చు. ఒక్కడు కూసుండి అవమానించాలని చేసింది కాదు.

మేనకోడలు: ఎవరూ కావాలని చెయ్యకపోయినా దెబ్బ దెబ్బే. బహువచనంల ఉన్న గౌరవం ఒక్కతిగ ఉన్నప్పుడు ఎందుకు లేదని నా బిడ్డలు అడగాలె. అడిగే హక్కు వాళ్లకున్నది.

మేనమామ: అడగాలె. కాని ఇదే భాష ఒక కంచె కూడ వేసింది, అది కూడ చెప్పు. పశువు ఈనుతది, మనిషికి కాన్పు అయితది. పశువు చూడి, మనిషి కడుపుతోని ఉంటది. ఒకదాని మాట ఇంకోదానికి వాడితే చెంప మీద కొట్టినంత తప్పు. ఇంగ్లీష్‌ల ఆవుకు కావ్, గొర్రెకు లాంబ్, పందికి ఫారో, కుక్కకు వెల్ప్ అని జీవికో క్రియ ఉన్నది. మనకు అన్నిటికీ ఒక్కటే, ఈనడం. కాలువ కింద వరి పొట్టకొచ్చి కంకి తీసినా ‘ఈనింది’ అంటం. పశువుకు, పంటకు ఒకే మాట ఇచ్చి, మనిషిని పక్కకు తీసి వేరే మాట ఇచ్చింది మన భాష. తాటిచెట్టుకు కూడ ఆడ, మగ చెప్పిండ్రు మన గౌండ్లోళ్లు. పోతుతాడు, పండుతాడు. ఏ చెట్టుకు ఏ కాలంల గీయాల్నో దాంట్లనే ఉన్నది. ఈ మాటల వెనక ఉన్నది చూపు బిడ్డా. చేసే పని పోతే మాట పోతది, మాటతోపాటు ఆ చూపు పోతది. ఆడగుర్రాన్ని తెలుగుల గోడిగ అంటరు. ఇప్పుడు ఎంతమందికి తెలుసు? గుర్రాలు పోయినయి, గోడిగ పోయింది. రేపు పడ్డ అన్న మాట కూడ అట్లనే పోతే, కన్నతల్లి పోయిన బాధ నాకు.

మేనకోడలు: పడ్డ పోవద్దని నేను కూడ అంట. మా బడిల ఇప్పుడు జరుగుతున్నదే అది. ఇంగ్లీష్ మీడియం వచ్చినంక పిల్లలకు బర్రె అంటే సిగ్గు, బఫెలో అంటే గొప్ప. పడ్డ, పెయ్య, దుడ్డె మూడింటికీ ‘బేబీ కౌ’ అంటున్నరు. రెండు భాషలల్ల గరీబులయితున్నరు. నువ్వు ఇందాక కత్తి దగ్గర మారే పేర్లు, ఈత దగ్గర మారే పేర్లు అని చెప్పినవు చూడు, అది ఏ టీచర్ చెప్పలే నాకు. నేను పాఠం తీసెయ్యాలని వచ్చిన. ఇప్పుడు ఆ పాఠం ఆకారం మార్చాలె అంటున్న. జతలు వద్దు, ఆపోజిట్ జెండర్ అన్న ప్రశ్న వద్దు. ఒక జీవిని తీసుకొని అది పుట్టినప్పటి నుంచి ముసలిదయ్యేదాక మన ఊళ్లె ఏమంటరు, ఇంగ్లీష్‌ల ఏమంటరు అని రాయిస్త. మన మాట ముందు, ఇంగ్లీష్ తర్వాత. హైండ్, స్టాగ్ లాంటివి తీసేస్త. గొర్రెకు యూ, ర్యామ్, వెదర్ మూడూ పెడ్త.

మేనమామ: గొర్రె పాఠానికి కురుమ పెద్దమనిషిని బడికి పిలువు. నల్ల ఉన్ని దక్కనీ గొర్రె గురించి, దాని ఉన్నితో నేసే గొంగడి గురించి ఆయన చెప్పినంత నేను చెప్పలేను. ఇంగ్లండ్‌ల కూడ గొర్రెలకాపరుల మాటలు జాగకో తీరు. ఉత్తరాన, స్కాట్లాండ్‌ల ఈనని ఆడ గొర్రెను గిమ్మర్ అంటరు, పట్నపోళ్లకు అది తెల్వదు. కాపరి మాటను చిన్నచూపు చూడటం రెండు దేశాలల్ల ఉన్న రోగమే. మరి తిట్టయిన ఆ ఆడకుక్క పేరు సంగతి?

మేనకోడలు: అక్కడ మనకు ఇంక కుదరలే. పరీక్షల ఆ మాట అడిగి మార్కులు వేసే పద్ధతికి నేను ఒప్పుకోను. క్లాసుల ముప్పై మంది పిల్లలు ఒక్క గొంతుతోని ఆ మాట వల్లె వేస్తుంటే, ముందు బెంచీల ఆడపిల్ల తల వంచుకుంటది. ఆ తల వంపు నాకు ఏ జ్ఞానం కంటే బరువు.

మేనమామ: పరీక్షల వద్దు, ఒప్పుకుంట. క్లాసుల మాత్రం చెప్పాలె. పెద్ద పిల్లలకన్నా చెప్పాలె.

మేనకోడలు: చెప్త, నా పద్ధతిల. ఎనిమిదో తరగతిల చెప్త, ముందు మగపిల్లలను నిలబెట్టి చెప్త. ఇది కుక్కను చూసేటోళ్లు కుక్కకు పెట్టుకున్న పేరు, మనిషిని అంటే నేరమంత తప్పు అని. అదే గంటల గొడ్రాలు అన్న మాట కూడ బోర్డు మీద రాస్త. ఇంగ్లీష్ తిట్టును తప్పు పట్టి మన తిట్టును దాచిపెడితే నేను నిజం చెప్పినట్టు కాదు. కాని మామా, బడిల నేను చెప్పింది ఇంటికి పోంగనే చెరిగిపోతది. ఊళ్లె ఆ మాట అనేది పెద్దోళ్లు. వాళ్లకు టీచర్ మాట ఎక్కదు, పశువుల డాక్టర్ మాట ఎక్కుతది. ఇన్నేండ్లు వాళ్ల దొడ్లల్ల తిరిగినోడివి. నువ్వు చెప్పాలె.

మేనమామ: చెప్త. బర్రెను గొడ్డు అనాలంటేనే ముందు ఎద చూడాలె, గర్భసంచి పరీక్ష చెయ్యాలె, విత్తనం మంచిదో కాదో తెలుసుకోవాలె. ఇన్ని చూసినంక కూడ అది పశువుకు వచ్చిన రోగం పేరే తప్ప, దాని తప్పు కాదు. పశువు విషయంలనే ఇంత ఆలోచన కావాల్సిన మాటను ఏ పరీక్ష లేకుండ ఒక ఆడబిడ్డ మీద వేసే హక్కు ఎవరికీ లేదు. పాలకేంద్రం దగ్గర అన్నా, పంచాయతీ దగ్గర అన్నా, మన చుట్టాలింట్ల అన్నా, ఆ మాట నా చెవిన పడ్డచోటనే లేచి చెప్త.